గాలానికి ఎర ఊసిపోకుండా

మా తాతకు కుడిచెయ్యి వణుకుతుంది. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది, కుడిచేతి వేళ్లకు పట్టు మాత్రం రాలేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకొని అన్నం తింటాడు. అంగీ గుండీలు అమ్మ పెడుతుంది. అన్నం గురించి గానీ గుండీల గురించి గానీ ఆయన ఎప్పుడూ బాధపడలేదు. గాలానికి ఎర్ర గుచ్చలేకపోతున్నాడు, అదీ ఆయన బాధ.

అందుకే మా ఇంట్లో ఎర గుచ్చే పని నాది. పత్రికకు మీకు బాగా తెలిసిన పని ఒకటి రాయండి అని టీచరు చెప్పినప్పుడు మా తరగతిలో అందరూ వంట, క్రికెట్, ముగ్గులు అని పేర్లు ఇచ్చారు. నాకు వీటిలో ఏదీ అంత బాగా రాదు. ఇది వచ్చు.

తాత అంటే అమ్మవాళ్ల నాన్న. బాసర దగ్గరి ఊరు. ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు నాందేడ్ జిల్లాలోనే ఉండేది. అప్పుడు హైదరాబాద్ రాష్ట్రం. 1956లో రాష్ట్రాలను భాషల ప్రకారం విడదీసినప్పుడు నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది, ముధోల్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో కలిసింది. 2016లో మళ్లీ నిర్మల్ జిల్లా అయింది. "నేను కదలలే, జిల్లాలే కదిలినయ్" అంటాడు తాత. పక్షవాతం తర్వాత మాత్రం నిజంగానే కదిలి నాందేడ్‌లో మా ఇంటికి వచ్చాడు. అక్కడా గోదావరే, ఇక్కడా గోదావరే. ఇక్కడి నీళ్లే కిందికి పోయి బాసర ముందు నుంచి పోచంపాడు ప్రాజెక్టులోకి పోతాయి.

వచ్చిన కొత్తలో తాత ఎవ్వరితో మాట్లాడలేదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒక ఆదివారం మా బాపు ఆయనను సైకిల్ మోటరు మీద ఎక్కించుకొని నది దగ్గరికి తీసుకుపోయాడు, నేను వెనక బస్సులో పోయాను. ఘాట్ల దగ్గర గురుద్వారాకు వచ్చిన యాత్రికులు స్నానాలు చేస్తారు, అక్కడ మేము గాలం వెయ్యం. జనం లేని పక్కకు పోయాం. చేపలు పట్టే హక్కు ఉన్న సంఘం మనిషిని అడిగితే, ఒక ముసలాయన ఒక కర్ర కదా, కూర్చోండి అన్నాడు. తాత తన చేత్తోనే ఎర గుచ్చాడు. ఎర్ర సగం తెగింది. అయినా నీళ్లలో వేసి గంటసేపు బెండును చూస్తూ కూర్చున్నాడు. గాలం పైకి తీస్తే వట్టి ముల్లు. ఎర ఎప్పుడు ఊసిపోయిందో తెలియదు. ఆ గంటంతా ఆయన వట్టి ముల్లు ముందే కూర్చున్నాడన్నమాట. పక్కనే ఇంకో ఇద్దరు గాలం వేస్తున్నారు గానీ, నాకు గుచ్చిపెట్టు అని తాత వాళ్లను అడగలేదు. నన్ను పిలిచాడు. "బిడ్డా, నీ కన్ను మంచిగుంటది, నీ చెయ్యి వణకదు. నేను చెప్తా, నువ్వు గుచ్చు."

ముందు మాటలు చెప్తాను. మా పుస్తకంలో వానపాము అని ఉంటుంది. తాత ఎర్ర అంటాడు. ఎరకూ ఎర్రకూ ఆయన నోట్లో తేడా వినపడదు. చేపకు పెట్టేది ఏదైనా ఎరే, అందులో ముఖ్యమైనది ఎర్ర. మరాఠీలో దీన్ని గాండూళ్ అంటారు. మన గాలాన్ని వాళ్లు గళ్ అంటారు, దగ్గరి చుట్టాల్లాగే ఉన్నాయి రెండు మాటలూ. పేపర్లో మాత్రం గాలం వేశాడు, ఎర వేశాడు అంటే ఎవరో ఎవర్నో మోసం చేశాడని. ఒక్కసారి కూడా చేప గురించి ఉండదు. గాలం వేసేవాళ్లు పేపరు మీద కేసు వెయ్యాలి.

ఎర ఎందుకు ఊసిపోతుంది? నాకు అర్థమైనంతలో, ఎక్కువసార్లు మనం గట్టిగా గుచ్చినందుకే. ఊడిపోకూడదని ఎర్రను మూడు నాలుగు చోట్ల గుచ్చి ముల్లుకు చుట్టేస్తాం. అది ఐదు నిమిషాల్లో చచ్చి మెత్తబడుతుంది. మెత్తబడ్డది నీళ్లలో నాని జారిపోతుంది. బతికి ఉన్న ఎర్ర తన ఒళ్లు తానే బిగబట్టుకుంటుంది. "సచ్చిన ఎర సగం ఊశినట్టే" అని తాత అందుకే అంటాడు.

ఎర్ర ఒంటి మీద తలకు దగ్గరగా ఒక పట్టీ ఉంటుంది, మిగతా ఒళ్లు కంటే కొంచెం లావుగా, నున్నగా, రంగు మారి. తాత దాన్ని మెడపట్టీ అంటాడు. మా సైన్సు టీచరును అడిగితే, మన దగ్గర పుస్తకాల్లో చెప్పే వానపాములో అది 14, 15, 16 ఖండాల్లో ఉంటుందని, గుడ్ల గూడు అక్కడి నుంచే తయారవుతుందని చెప్పారు. ఒంట్లో గట్టి చోటు అదే. ముల్లు మొనను ఆ పట్టీలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒక్కసారి దింపితే చాలు. పెద్ద ఎర్ర అయితే ఇంకొంచెం కింద ఇంకోసారి. తోక వైపు వేలాడాలి, మెలికలు తిరగాలి. ఆ తిరగడమే చేపను పిలుస్తుంది.

పట్టుకోవడం ఇంకో విద్య. ఎర్ర ఒళ్లు జిగురు, జారిపోతుంది. కొందరు బూడిదలో దొర్లిస్తారు. తాత వద్దంటాడు. ఎర్రకు మనలాగ ముక్కూ ఊపిరితిత్తులూ లేవు, తడి చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. బూడిద పూస్తే ముక్కు మూసినట్టే. అందుకే పొడిమట్టి నా వేళ్లకు రుద్దుకుంటాను గానీ ఎర్రకు కాదు. "గట్టిగ వట్టకు. పువ్వును వట్టినట్టు వట్టు" అంటాడు తాత. పువ్వు మెలికలు తిరగదు కదా తాతా అంటే నవ్వుతాడు.

ఎర్రలను ముందు రోజే తవ్వి పెట్టుకోవాలి. అప్పటికప్పుడు తవ్వినవాటి కడుపు నిండా మట్టి ఉంటుంది, గుచ్చగానే పగులుతాయి. పాత మట్టికుండలో తడి ఆకులు, కొంచెం తడిమట్టి వేసి, పైన తడిగుడ్డ కప్పి నీడలో ఒక రాత్రి ఉంచితే కడుపు ఖాళీ అయి ఒళ్లు గట్టిపడుతుంది. నీళ్లు మరీ ఎక్కువ పోస్తే చస్తాయి, ఎండ తగిలితే ఇంకా తొందరగా చస్తాయి. ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి బండి సీటు కింద పెట్టే అన్నలను చూశాను. నదికి చేరేసరికి ఆ డబ్బా మూత తియ్యాలంటే ధైర్యం కావాలి.

గాలపు ముల్లుకు మొన వెనక ఒక చిన్న ఎదురుముల్లు ఉంటుంది. గుచ్చినది వెనక్కి జారకుండా అదే ఆపుతుంది. అయినా చిన్న ఎరలు దాన్ని దాటి వచ్చేస్తాయి. దీనికి మేము వాడేది పాత సైకిల్ ట్యూబు. పంక్చరు దుకాణంలో అడిగితే ఊరికే ఇస్తారు. చిటికెన వేలి గోరంత ముక్క కత్తిరించి, ఎర గుచ్చిన తర్వాత ఆ ముక్కను కూడా మొన మీదుగా ఎదురుముల్లు దాటేదాకా తోస్తే, అది తలుపుకు గొళ్లెంలాగ పనిచేస్తుంది. ఎర వెనక్కి రాదు. దారంతో కట్టడం కంటే ఇది మేలు, ఎందుకంటే దారం ఎరను కోస్తుంది. ఒక్క మిడతకు మాత్రం సన్న దారం మంచిది. దాని ఒళ్లు పెళుసు, గుచ్చితే రెండు ముక్కలవుతుంది. ముల్లును దాని వీపుకు ఆనించి రెండు చుట్లు కడితే చాలాసేపు కాళ్లు కొట్టుకుంటుంది.

ఇంత జాగ్రత్తగా గుచ్చి, చెర్నాకోల కొట్టినట్టు కర్ర విసిరితే ఎర ఒక దిక్కు, ముల్లు ఒక దిక్కు పోతాయి. తంగూసు దారాన్ని ఊయల ఊపినట్టు కిందినుంచి ఊపి వదలాలి. నీళ్లను కొట్టుకోకుండా దిగాలి. తీసేటప్పుడు కూడా మెల్లగా. మధ్యలో పరకలు, జిలేబీలు వచ్చి పొడుస్తుంటాయి. బెండు సన్నగా వణికితే అవే, ఎరను కొంచెం కొంచెం కొరుక్కుపోతున్నాయని. పెద్ద చేప పట్టుకుంటే బెండు వణకదు, పక్కకు నడిచి మునుగుతుంది. పావుగంటకు ఒకసారి తీసి చూడటం మా ఇద్దరి ఒప్పందం. తాత ఇంకెప్పుడూ వట్టి ముల్లు ముందు కూర్చోకూడదని ఆ ఒప్పందం నేనే పెట్టాను.

అన్ని చేపలకూ బతికిన ఎర అక్కర్లేదు. జెల్లకు మీసాలున్నాయి, వాసనతో, రుచితో వెతుక్కుంటుంది. దానికి కోడిపేగు ముక్క చాలు, అది చచ్చిందా బతికిందా అని అడగదు. రోహుకు పిండి ముద్దలు పెడతారు. కదిలేదే కావాలనేవి కొర్రమట్ట, వాలుగ. చేప ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది చూడండి, నీళ్లలో చిన్న కదలిక కూడా చేపకు దానితోనే తెలుస్తుంది. అందుకే మురికినీళ్లలో కూడా కొర్రమట్ట ఎరను కనిపెడుతుంది.

కొర్రమట్టను మరాఠీలో మరళ్ అంటారు. తెలంగాణ 2016లో దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకుంది. మహారాష్ట్ర 2023లో పాప్లెట్‌ను పెట్టుకుంది, తెలుగులో చందువ. చందువ సముద్రం చేప, నాందేడ్‌కు ఐసులోనే వస్తుంది, ధర మా ఇంటికి అందదు. కాబట్టి మేము ఉండేది ఒక రాష్ట్రంలో, తినేది ఇంకో రాష్ట్రం చేప.

వీటికి చిన్నచేపను ఎరగా పెడతారు. పరకను పట్టి, ముందు మన చెయ్యి తడిపి, అప్పుడు పట్టుకోవాలి. పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటి జిగురు పోతుంది, ఎక్కువసేపు బతకదు. ముల్లు ఎక్కడ గుచ్చాలనేది నీళ్లను బట్టి ఉంటుంది. ఇది తాత బాబ్లీ లెక్కతో చెప్పాడు. ధర్మాబాద్ దగ్గర బాబ్లీ బ్యారేజీ ఉంది కదా, 2013లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా దాని గేట్లు ఎత్తి ఉంచాలి. అప్పుడు నీళ్లు పారుతుంటాయి. పారే నీళ్లలో పరకను పెదవుల దగ్గర గుచ్చాలి, కింది పెదవి నుంచి పై పెదవికి. ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఈదుతుంది, చిరిగిపోదు. గేట్లు దించిన తర్వాత నీళ్లు నిలబడతాయి. అప్పుడు వీపు మీది రెక్కకు కొంచెం వెనక, పైపైన గుచ్చాలి. లోతుగా పోతే వెన్నెముకకు తగులుతుంది, తగిలితే అది ఇక ఈదదు. నిలువ నీళ్లలో రెండు పెదవులూ కలిపి గుచ్చితే నోరు మూసుకుపోయి, మొప్పలకు నీళ్లు అందక చస్తుంది. రొయ్యనైతే తోక చివరి కణుపులో. తల వైపు గుచ్చేవాళ్లు కూడా ఉన్నారు గానీ, తలలో నల్లగా కనపడే మచ్చకు తగిలితే అక్కడికక్కడే ఐపోతుంది.

నాందేడ్‌లో విష్ణుపురి ప్రాజెక్టు గేట్లు ఎత్తారా దించారా అన్నదాన్ని బట్టి తాత ఇప్పుడు అదే లెక్క వాడుతున్నాడు. పొద్దున లేవగానే నన్ను అడిగే మాట, "గేట్లు ఎత్తిన్రా?" వానకాలం మొదట్లో మాత్రం ఎత్తినా దించినా పోము. చేపలు గుడ్లు పెట్టే రోజులవి.

బకెట్లో ఐదారు పరకల కంటే ఎక్కువ ఉంచం. నది నీళ్లే పోస్తాం, నల్లా నీళ్లు కాదు, వాటిలో మందు కలుపుతారు. మిగిలినవాటిని పట్టినచోటే వదిలేస్తాం, ఇంకో చెరువులో పొయ్యం. జిలేబీ చేపను 1952లో మన దేశానికి తెచ్చారట. ఇప్పుడు అది లేని చెరువు చూపించమంటే కష్టం. బకెట్లో మిగిలిన నాలుగు పిల్లలను తీసుకుపోయి ఎక్కడో పోస్తే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

తాత వయసులో ఉన్నప్పుడు కొర్రమట్టకు కప్పను పెట్టేవాడు. తొడ చర్మం దగ్గర గుచ్చితే గంటలకొద్దీ ఈదేదట. ఇప్పుడు పెట్టడు. కప్పలు పొలాల్లో పురుగులను తింటాయి, కాళ్ల కోసం వాటిని విపరీతంగా పట్టి విదేశాలకు పంపితే 1987లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది అని నేను పుస్తకం చదివి చెప్పాను. "పురుగుల సంగతి నాకెరుకే గని, ఎగుమతి సంగతి ఎరుకలేదు" అన్నాడు. బజారులో రబ్బరు కప్ప దొరికితే బాపు కొనుక్కొచ్చాడు. అది ఎన్నటికీ ఊసిపోదు. కానీ దానికి ప్రాణం లేదు, కర్ర పట్టినవాళ్లే కదిలించాలి. నా చేతిలో అది చచ్చిన కప్పలాగే ఉంటుంది. తాత కుడిచేతికి కర్ర ఇస్తే మాత్రం ఆ వణుకుడుకు నీళ్ల మీద తుళ్లుతూ ఉంటుంది. పక్కవాళ్లు కూడా చూడటానికి వచ్చారు. గుర్రపుడెక్క అంచున ఒక కొర్రమట్ట దానికి లేచింది కూడా. పడలేదు గానీ లేచింది. ఆ రోజు ఇంటికి పోయేదాకా తాత మాట్లాడుతూనే ఉన్నాడు.

కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుగా నీళ్ల మీదికి వస్తుంటాయి. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఎర ఏది వేసినా కోపంతో కొడతాయి, తినడానికి కాదు. పట్టడం చాలా సులువు. అక్కడ తాత గాలం తీసి చుట్టేస్తాడు. పెద్దవాటిని తీసుకుపోతే ఆ పిల్లలన్నిటినీ జిలేబీలు ఒక్కపూటలో తినేస్తాయి.

నా పక్క బెంచీ స్నేహితురాలు వాళ్ల ఇంట్లో చేప తినరు. నేను ఇది రాస్తున్నానని తెలిసి, పాపం కదా, దానికి నొప్పి లేదా అని అడిగింది. మంచి ప్రశ్న. గుచ్చినప్పుడు ఎర్ర ఎలా ముడుచుకుంటుందో నా వేళ్లకు తెలుసు కాబట్టి, నొప్పి లేదని నేను చెప్పను. తాతను అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఉంటది బిడ్డా. అందుకే ఒక్కపాలే గుచ్చాలె" అన్నాడు. అది జవాబు అవునో కాదో నేను నిర్ణయించుకోలేదు. నా స్నేహితురాలికి అదే చెప్పాను. ఆమె అయితే ఒప్పుకోలేదు. అయినా సైకిల్ ట్యూబు ముక్కలు వాళ్ల అన్న దుకాణం నుంచి ఆమే తెచ్చి ఇస్తుంది.

ఇప్పుడు నాకు పదో తరగతి. పరీక్షలు దగ్గరికి వస్తున్నాయి, ఫిబ్రవరి నుంచి ఆదివారాలు నదికి రాలేనని తాతకు చెప్పాను. సరే అన్నాడు. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో కూర్చొని ఉన్నాడు. ఒక చెక్కకు గాలపు ముల్లును మొన పైకి ఉండేలాగ మేకులతో బిగించుకున్నాడు. పక్కన గిన్నెలో ఉడికించిన సేమ్యా. ముల్లు కదలదు కాబట్టి, ఎడమచేత్తో ఒక్కొక్క సేమ్యా తీసి మొన మీదికి తెచ్చి దింపుతున్నాడు. కొంచెం గట్టిగా పట్టినా అది తెగిపోతుంది, వదులుగా పడితే జారిపోతుంది. ఎర్ర కంటే కష్టం. పాయసానికి పెట్టుకున్న సేమ్యా అంతా ఐపోయిందని అమ్మ లోపలి నుంచి అరుస్తోంది.

నేను పక్కన కూర్చొని లెక్కపెట్టాను. మొదటి రోజు పదింటికి ఒక్కటి కూడా నిలవలేదు. నిన్న మూడు నిలిచాయి.